గోతం బరువు

మే నెల. కోల్డ్ స్టోరేజీ వెనక రేకుల షెడ్డు.
మిరపకాయల ముచ్చికలు తీసే నలభై మందిమి
ఖాళీ గోతాల మీద కూర్చున్నాం, మీటింగుకి.
గుంటూరులో ఈ వైపున కన్నీళ్ళకి విలువ లేదు.
ఘాటుకి అందరి కళ్ళూ కారతాయి,
ఎవరు ఏడుస్తున్నారో పోల్చుకోలేం.
గొంతులూ అంతే. దగ్గి దగ్గి గరుకెక్కినాక
"నీళ్ళు ఇటివ్వు" అన్నా తగాదాలా వినపడుద్ది.

మినిట్స్ పుస్తకం నా ఒళ్ళో ఉంది.
తొమ్మిది దాకా చదివిన పాపానికి రాసే పని నాది.

ఏటుకూరు ఆటోలో వచ్చే సలోమి లేచి
"రేపట్నుంచి మేం అయిదింటికి రాం" అంది.
మధ్యలో మాటని ఫ్యాను మింగింది.
వెనక వరసకి చేరింది రెండే ముక్కలు: మేం, రాం.
"మీరు రాకపోతే లోడు ఆగుద్ది. మా కూలో?" నాంచారమ్మ.
"మీరేంటి, మేమేంటి?" ఇంకెవరో.
"అసలు మీవాళ్ళంతా..." అని ఒక గొంతు మొదలై
సగంలో ఆగింది.
పలకని ఆ సగమే అందరికీ బాగా వినపడింది.

కాటా దగ్గర పనిచేసే జాన్‌బీ
నములుతున్న వక్క ఉమ్మి, లేచి, ఫ్యాను ఆపింది.

"నాంచారమ్మా, జవాబు తర్వాత.
ముందు ఆ పిల్ల ఏమందో నువ్వు చెప్పు.
ఔనని తనే తలూపాలి. అప్పుడే నీ వంతు."

"రానంది."
సలోమి తల అడ్డంగా ఊపింది.
"పనికి రానంది."
మళ్ళీ అడ్డంగానే.
చెమట తుడుచుకుని, కాస్త తగ్గి,
"...అయిదింటికి రానందా?"

"ఆటో ఆరింటిగ్గానీ కదలట్లా పెద్దమ్మా.
చీకట్లో బైపాసు దాటి నడిచొస్తున్నాం.
మేం అంటే ఆటోలో ఆరుగురం. అంతే."

జాన్‌బీ కాటా వైపు చెయ్యి చూపింది.
"గోతంతోనే తూస్తాను. గోతం బరువు తీసేసి రాస్తాను.
కోపం కూడా గోతమేనమ్మా.
పారెయ్యమనట్లా, అది లేకపోతే కాయలు నేలపాలు.
లెక్కలో తీసెయ్యమంటున్నా."

నాకెందుకో చెయ్యి ఆగలేదు. పోయిన నెల పేజీ తిప్పాను.
"నీళ్ళ డ్రమ్ము మేం కొనుక్కుంటాం: సలోమి."
నా చేతిరాతే.
అప్పట్నుంచి షెడ్డులో డ్రమ్ములు రెండు,
ఈ గోడకొకటి, ఆ గోడకొకటి.

లేచాను.
"ఆ రోజు తను 'మనం' అంది.
'మనం కొనుక్కుందాం' అంది.
'మేం' అని రాసింది నేను."

ఎవరూ మాట్లాడలేదు.
జాన్‌బీ స్విచ్చి మీద వేలు పెట్టి, నొక్కలేదు.
నేనన్నది ఎవరైనా తిరిగి చెప్తారేమోనని
ఒక్కొక్క మొహమే చూశాను.
అందరి కళ్ళూ కారుతున్నాయి.

టైము సంగతి ఆ పూట తేల్లేదు.
డ్రమ్ములు ఇవాళ్టికీ రెండే.
ఆ గోడ దగ్గరి గ్లాసు ఎక్కడో పోయింది,
ఉన్న ఒక్కటే
అటూ ఇటూ తిరుగుతోంది.