మూడో చరణం తర్వాత

పడవలు కట్టే షెడ్డు వెనక, తారు వాసన దాటాక
థెల్మా కార్కమ్ దుకాణం. బోర్డు లేదు.
లూనెన్‌బర్గ్‌లో ఎవరినడిగినా
"ఆ పెట్టెలావిడా" అని చెయ్యి చూపిస్తారు.

నా ఆంప్లిఫయర్‌ని దుప్పట్లో చుట్టి తీసుకెళ్లాను,
చంటిపిల్లను ఆసుపత్రికి తెచ్చినట్టు.
"ఎన్ని వాట్లు?" అంది తలెత్తకుండా.
రెండు. చెప్పడానికి కాస్త సిగ్గేసింది.
ఇరవై ఆరేళ్లు పొగమంచు హారన్ మోగించినవాణ్ణి,
సముద్రం చేత చెవులు మూయించిన ఉద్యోగం.
ఆమె మాత్రం రంపం పక్కన పెట్టింది.
"పెద్దవాటికి నేను చెయ్యను.
అరిచేవాడి మాట గోడ కూడా వింటుంది.
గొణిగేవాడి దగ్గరికి మనిషే జరగాలి."

ఏ పాటలు వింటావని అడగలేదు.
కుర్చీ ఎక్కడ, నేల చెక్కా సిమెంటా,
కిటికీకి తెర ఉందా, కుక్క ఉందా,
ఉంటే ఏ మూల పడుకుంటుంది.
బర్చ్ పలకను వేలి కణుపుతో తట్టి
పుచ్చకాయ బేరమాడేదానిలా మొహం పెట్టింది.
కాగితపు శంకువును వెలుతురుకి ఎత్తిపట్టింది:
అవతల తన బొటనవేలి నీడ.
తీగ చుట్ట తనే చుడుతుందట, చలికాలం రాత్రుల్లో,
లెక్క తప్పితే మళ్లీ మొదటినుంచి.

ధర విని గుటక మింగాను.
ఆ డబ్బుకి పాత ట్రక్కొకటి వచ్చేది.
"ఇంతకీ నీకేం వినపడాలి?"

అప్పుడు చెప్పాను. డెబ్భై నాలుగులో
మా చర్చి బృందం వేయించిన రికార్డు.
రెండొందల కాపీలు, నూట తొంభై అమ్ముడుపోలేదు.
మూడో చరణం తర్వాత ఎవరో దగ్గుతారు.
మా అన్న లోర్న్. ఆ నవంబర్లోనే
స్కాలప్ పడవతో పాటు పోయాడు.
పాట నాకక్కర్లేదు. దగ్గు కావాలి.
కొట్లో కొన్న స్పీకర్లన్నీ
దాన్ని దుమ్ములా తుడిచేస్తున్నాయి.

పుస్తకంలో రాసుకుంది:
ఎవరెట్ నిక్కిల్, రెండు వాట్లు, ఒక దగ్గు.

పదకొండు నెలలు.
మార్చి బురదమంచులో తన వ్యానులోనే తెచ్చింది,
నడుమెత్తు పెట్టెలు రెండు.
టీ అయినా తాగకుండా వెళ్లిపోయింది.
వాల్వులు ఎర్రబడేదాకా ఆగి ముల్లు దింపాను.
ముందు చర్చి వచ్చింది,
బెంచీ కిర్రుమనడం, పాస్టర్ బూట్లు. ఆ వెనక పాట.
మూడో చరణం.
దగ్గు.
ఎడమవైపు నుంచి.

లోర్న్ నిలబడింది కుడివైపు, టెనర్లతో.
ఎడమన బేస్ వరస. అంటే ఆబ్రీ టానర్.
నాకు నలభై డాలర్లు ఎగ్గొట్టి
హాయిగా చచ్చిపోయిన ఆబ్రీ.
ఇన్నేళ్లూ నేను దాచుకున్నది
వాడి గొంతులో గరగరనా?

థెల్మాకి ఫోన్ చేశాను, కోపంగానే.
అటునుంచి చాలాసేపు పొట్టు ఊదుతున్న చప్పుడు.
"తీగలు అటుదిటు తగిలించావేమో చూడు.
లేదా ఆ రోజు రికార్డు చేసినవాడే తగిలించాడేమో.
పెట్టెకి ఎడమా కుడీ తెలీదు, ఎవరెట్.
దగ్గొకటే తెలుసు."

స్క్రూడ్రైవరు మూడు రోజులుగా బల్ల మీదే ఉంది.
ఆబ్రీ భార్య మెర్లా రెండు వీధుల అవతల ఉంటుంది.
ఆదివారం టీకి రమ్మన్నాను, కారణం చెప్పలేదు.
ముప్పై ఏళ్లు పక్కనే విన్న దగ్గు
ఆమె పోల్చుకోకపోదు.

కుక్కని పెరట్లో కట్టేశాను.
సరిగ్గా వినపడేచోట ఒక్క కుర్చీయే పడుతుంది.
నేను నిలబడతాను.