సున్నం వెయ్యని చోటు

సింగరాయకొండలో రైలు దిగేసరికి
తెల్లారి నాలుగున్నర.
ఆముదాలవలసలో ఎక్కించిన పెట్టె, చాప, కుక్కరు,
మడతలు చిరిగిన తపాలా శాఖ ఉత్తర్వు.
కొండపి దాకా బస్సు, ఆపైన ఆటో,
ఆపైన ఈ తలుపు.

తాళంచెవి జానెడు.
రెండుసార్లు ఎడమకి, ఒకసారి కుడికి,
మోకాలితో ఒక పోటు.
"తలకాయ జాగర్తమే" అనేలోపే
ద్వారబంధం నా నుదుటిని పలకరించింది.

రవణమ్మ వేళ్ళు ముడుస్తూ షరతులు చెప్పింది:
బాడుగ పన్నెండు వందలు,
బోరు నీళ్ళు తాగితే పళ్ళు గారపడతాయి,
దొడ్లో కరివేపాకు ఎంతైనా కోసుకో,
సున్నం నీ ఖర్చుతో కొట్టించుకో,
ఆ ఒక్కచోటు తప్ప.

చూశాను.
దక్షిణపు గోడకి, కూచుంటే తల ఆనే ఎత్తులో
చెంబంత నల్లటి జిడ్డు మచ్చ.
ఎందుకని అడగలేదు.
అడిగినా ఆమె మాట నాకు సగమే అందుతుంది,
నా మాట ఆమెకు పావు.
"వీధిలో గుంటలున్నారు, ఆటో ఆపండి" అన్నానని
పాపం, గోతుల కోసం వెతికింది.
మా వైపు గుంటలంటే పిల్లలని
చెప్పడానికి ఒక పూట పట్టింది.

ఇల్లంతా పొగాకు.
ఆకు లేదు, వాసనే.
ముప్పై ఏళ్ళు బేళ్ళు పేర్చిన గదిలో
నా చాప పరిచాను.
మొదటి వారం నేను తుమ్మాను,
రెండో వారం ట్రంకులో చీరలు కూడా తుమ్మేలా ఉన్నాయి.
అటక మీంచి పురికొస ముక్కలు రాలితే
బల్లులనుకుని రెండు రాత్రులు దీపం ఆర్పలేదు.
నీళ్ళగదికి పైకప్పు లేదు,
తలంటుకుంటుంటే ఒక గద్ద చూసిపోయింది.
గూటి లోపల ఎవరిదో పెన్సిలు లెక్క:
"పాలు 14, బాకీ 6."
ఎవరు ఎవరికి బాకీయో.

పగలంతా ముద్రలు కొట్టడం,
నరసింగం కూతురికి ఉద్యోగం కవరు
ఇవాళా రాలేదని చెప్పడం,
ఆ పిల్ల నవ్వి వెళ్ళిపోతే
నేనే దాచుకున్నట్టు సిగ్గుపడడం.

ఒక ఆదివారం సున్నం వేశాం,
నేనూ, ఎదురింటి తిరపాలూ.
నిద్రపోయే మనిషి చుట్టూ ఊడ్చినట్టు
మచ్చ చుట్టూ కుంచె తిప్పాం.
బక్కెట్టు కడుగుతూ తిరపాలే అన్నాడు:
"ఆయన వేలం నించి రాగానే ఆడే కూలబడేవోడు.
రేటొచ్చినా, రాకపోయినా."
మిగతాది అడగబోతే
నీళ్ళు పారబోయడానికి వెళ్ళాడు.

రోహిణి కార్తెలో ఒక రాత్రి.
లెక్కలో రెండొందలు తేడా,
మూడుసార్లు కూడినా అదే తేడా,
నాలుగోసారి కరెంటు పోయింది.
పుస్తకం మూసి, చీకట్లో
దొరికిన గోడకి చేరబడ్డాను.
చల్లగా ఉంది.
వీపుకి సరిపడా చిన్న లోతు కూడా ఉంది,
అన్నాళ్ళూ కంటికి కనపడలేదు.
కరెంటొచ్చాక తెలిసింది
ఎక్కడ కూచున్నానో.

ఆ రెండొందలు నా చేతివే పడ్డాయి.
ఆ తర్వాత, దాచడమెందుకు, రోజూ అక్కడే.

మొన్న బాడుగకొచ్చిన రవణమ్మ
గోడ వైపు చాలాసేపు చూసింది.
పాత మచ్చకి నాలుగు వేళ్ళు కింద
ఇంకొకటి, ఇంకా లేతగా.
నేను చెప్పబోయిన మాట
మా ఊరి యాసలో గొంతులోనే ఉండిపోయింది.
నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి, కొంగున ముడేసి,
గుమ్మం కింద తల వంచి దాటుతూ
వెనక్కి తిరక్కుండానే అంది:
"తలకి నూనె ఎక్కువ పెడతన్నావుమే."