పాట, బాట, మాట

మండపేట దాటాక కాలవగట్టు మీద బడి.
గోడ అవతల రైసుమిల్లు.
నిశ్శబ్దంగా ఉండే గది ఒకటి కావాలండీ అంటే
సువార్త టీచరు నవ్వి
పిల్లలకి గుడ్లు ఉడకబెట్టే గది చూపించింది.
అక్కడైతే మిల్లు కాస్త పక్కకి తిరిగి మాట్లాడుతుందట.

నా పెట్టెలో సంత గోల ఉంది,
హైదరాబాదులో ఎవరో రికార్డు చేసిచ్చింది.
దాని మధ్యలో నేను ఒక్కో పదం అనాలి,
పిల్లలు తిరిగి చెప్పాలి.
గోల కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయి
మాట ఎక్కడ మునుగుతుందో అక్కడ గీత పెట్టాలి,
వరదప్పుడు రేవుమెట్లు లెక్కపెట్టినట్టు.

పెట్టె తెరవనే లేదు. మిల్లే చాలు.

మొదట మగపిల్లలు.
'గంప' అంటే 'గంప'.
'చేప' అంటే 'కొరమేనాండి?'
'దీపం' అంటే ఒకడు 'దీపక్కా? రాలేదండి, జొరం.'
అందరికీ మంచి మార్కులే.
మిల్లు పక్కన పెరిగిన చెవులు,
ఊకలోంచి గింజని ఏరినట్టు ఏరుకుంటాయి.

తొమ్మిదో పేరు మరిడేశ్వరి. నాలుగో తరగతి.
రెండు జడలు, గౌనుకి తవుడు వాసన.
ఎదురుగా కూర్చుని
నా కళ్ళలోకి కాదు, ఇంకాస్త కిందకి చూసింది.
గంప, చేప, దీపం, ఊయల,
ఒక్కటీ తప్పలేదు.
'మాట' అన్నాను.
'బాట' అంది.
'పాట' అన్నాను.
కాస్త ఆలోచించి 'మాట' అంది.
మూడిటికీ పెదవులు ఒక్కలాగే కలుస్తాయి, ఒక్కలాగే విడిపోతాయి.
పదకొండేళ్ళ ఉద్యోగం,
అద్దంలో ఒక్కసారీ చూసుకోలేదు నేను.

అట్టముక్క తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాను.
'చేప.'
పిల్ల అట్ట వైపు మర్యాదగా చూస్తూ కూర్చుంది.
'చేప' అన్నాను మళ్ళీ, గట్టిగా.
అట్ట మీద ఉన్నది చదవబోయింది:
నోటుబుక్కు, వంద పేజీలు, రూళ్ళు ఉన్నవి.

అప్పుడు కరెంటు పోయింది.
మిల్లు ఆగింది.
గిన్నెలో గుడ్లు కొట్టుకోవడం వినబడింది,
కాలవ అవతల ఎవరో బట్టలు ఉతుకుతున్న దెబ్బా.
వరండాలో పిల్లలంతా తలలెత్తారు,
కుక్క కూడా ఎత్తింది.
ఒక్క తల ఎత్తలేదు.
కాసేపటికి బల్ల మీద అరచెయ్యి ఆనించి
'మిల్లాగిపోయిందాండి?' అని అడిగింది.

సువార్త టీచరు గరిటె కింద పెట్టేసింది.
'రెండేళ్ళుగా మొదటి బెంచీలోనే కూర్చుంటుందండీ.
నా మొహం మీంచి చూపు తిప్పదు.
శ్రద్ధ అనుకున్నాను.'

సాయంత్రం మిల్లుకి వెళ్ళాను.
వాళ్ళమ్మ వీరవేణి నూకల జల్లెడ దగ్గర.
చెప్పాను. అరిచి చెప్పాను.
నా గొంతు నాకే అందలేదు.
ఆవిడ నా నోరు చూసి మొత్తం తెలుసుకుని
ఏదో అంది. నాకు తెలియలేదు.
మరిడేశ్వరి నా చెవి దగ్గరికొచ్చి చెప్పింది:
'ఆయ్, ఈ మిల్లులో ఎవరికినబడుద్దండి,
అందరం అంతే గదా, అంటుందండి.'

యంత్రం మీంచి తల్లీకూతుళ్ళు
గొంతు ఖర్చు లేకుండా మాట్లాడుకుంటున్నారు.
హమాలీలు, లారీ క్లీనరు, బస్తాలు కుట్టే ముసలాయన,
పెదాలతో, కనుబొమలతో
హాస్యాలాడుకుంటున్నారు, తిట్టుకుంటున్నారు.
ఎవరూ దాచలేదు ఈ పిల్ల చెవిని.
ఇక్కడ అది ఎవరికీ కనబడే వీల్లేదు.
ఇక్కడ పరీక్ష పెడితే
సున్నా నాకు.

వీరవేణి నావైపు చెయ్యి చూపించి మళ్ళీ ఏదో అంది.
పెదవులు కలిశాయి, విడిపోయాయి.
పాటా? బాటా? మాటా?
'పాలండి' అంది పిల్ల జాలిగా.
'టీలో పాలు పొయ్యమంటారా అని.'

కాకినాడ పెద్దాసుపత్రికి కాగితం రాశాను.
తల్లిని గట్టు మీదకి పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాను:
చెవికి మిషను ఇస్తారు. మాట పెద్దదవుతుంది.
మిల్లు కూడా పెద్దదవుతుంది.
మిషనుకి రెండూ ఒకటే.

కొంగుకంటిన తవుడు దులుపుకుంటూ ఆలోచించింది వీరవేణి.
'మిల్లుకి అమాసకి సెలవండి.
ఆ రోజు పెట్టుకుంటాది.'

రోజూ పెట్టుకోవాలండీ అనబోయి
టీ తాగాను.
కాగితం అంచున వచ్చే అమావాస్య తేదీ వేసుకున్నాను.
దాని కింద మూడు పదాలు,
అట్ట అడ్డం పెట్టుకుని
మళ్ళీ అడగడానికి.