లైటు పట్టుకున్నవాడు

కుడి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని
అత్త ఒకసారి ఊపింది.
టక్.
మళ్ళీ ఊపింది. టక్ టక్.
"ఆడుతోంది," అంది.
పదమూడేళ్ళవాణ్ణి. ఆట అంటే
ఆటే అనుకున్నాను.

సెప్టెంబరు. దుంపలు తవ్వే మూడు వారాలూ
మా వైపు బడికి తాళం.
నదికి ఇవతల మేం, అవతల కెనడా,
రెండు గట్ల మీదా ఒకటే ఫ్రెంచి యాస,
ఒకటే తుప్పు.
చలికాలమంతా రోడ్డు మీద చల్లే ఉప్పు
ఇనుమును ఊరగాయ పెట్టేస్తుంది.

బడి బస్సు నడిపే లూడివీన్ అత్తకి
సోమవారం నుంచి దుంపల పీపాలు తోలే పని.
బండి చూస్తే ఎనభై ఆరు నాటి షెవ్రొలే.
మెకానిక్ రొసైర్ చెప్పిన లెక్క
దాని ఖరీదు కంటే ఎక్కువ.
"నా చేతులు అంతకంటే చవక," అంది.

నా పని లైటు పట్టుకోవడం.
ఇంతకంటే తేలికైన పని లేదు,
ఇన్ని తిట్లు తినే పనీ లేదు.
"నువ్వు చూసేచోట కాదురా ఆర్మెల్, నేను చూసేచోట!"
ఆమె ఎక్కడ చూస్తోందో చూద్దామంటే
ఆమె తలే అడ్డం.

చక్రం ఊడింది. బ్రేకు గొట్టం మీద బరువు పడకుండా
క్యాలిపర్‌ని తీగతో వేలాడగట్టింది,
విరిగిన చేతికి కట్టినట్టు.
బుష్‌ల రబ్బరు గోరు తగిలితేనే రాలిపోయింది.
కింది ఆర్మ్‌కి జాకీ ఆనించి చెప్పింది:
"ఇక్కడో స్ప్రింగు నిద్రపోతోంది.
అది లేచిందంటే మనం లేవం."

నట్టు దగ్గర ఆగింది.
"లైటు."
కాటర్ పిన్ ఉండాల్సిన బెజ్జంలో
పిన్ లేదు.
గుర్రపు నాడాకి కొట్టే మేకు,
వంకర తిప్పి, తుప్పులో తుప్పై.
"ఏ గాడిద చేసిందిరా ఈ పని!"
రొసైర్‌ని తిట్టింది. పాత మామగారిని తిట్టింది,
చచ్చిపోయాడని కూడా చూడలేదు.
పటకారుతో లాగుతూ లాగుతూ
ఉన్నట్టుండి ఆగిపోయింది.

ఆ తరవాత చాలాసేపు
నా లైటు ఎటు పోయినా ఏమీ అనలేదు.

"ఫిబ్రవరి," అంది చివరికి.
"మైనస్ ముప్ఫై. ఎవరిదో గుర్రాల కొట్టం
తలుపు నుంచి పీకాను. పళ్ళతో వంచాను.
ఒక్క రాత్రి ఆగితే చాలనుకున్నా."
"ఎక్కడినుంచి వస్తూ?"
"అక్కడినుంచి," అంది.
నేను ఇంకేం అడగలేదు. లైటు సరిగ్గా పట్టుకున్నాను.

నట్టు పూర్తిగా తీయలేదు,
నాలుగు మరలు మిగిల్చింది.
"విడిపోయేది ఒక్కసారే విడిపోతుంది.
కింద పడకుండా ఏదో ఒకటి పట్టుకోవాలి."
కొట్టాల్సింది కీలును కాదట,
దాన్ని పట్టి ఉంచిన ఇనుము చెంపని.
సుత్తి దెబ్బలు లెక్కపెట్టాను.
పదిహేడోదానికి తుపాకీ పేలినట్టు వదిలింది.
కెనడాలో ఓ కుక్క మొరిగింది.

పాత బాల్ జాయింట్ నా అరచేతిలో
ఊగే పన్నులా అటూ ఇటూ తిరిగింది.
కొత్తది బిర్రుగా, ఎవరి మాటా వినకుండా ఉంది.
దుకాణంలో డిపాజిట్ కట్టి తెచ్చిన ప్రెస్సుతో
దాన్ని కూర్చోబెట్టడానికి చీకటి పడింది.
గ్రీజు ఎక్కించింది. కొత్త పిన్ దూర్చి
దాని రెండు కాళ్ళూ విడదీసి వంచింది.
గోనె పురికొస లాగి పట్టుకుని
చక్రాల వరస చూసింది,
టేపు కంటే ఆమె కన్నే ఎక్కువ కొలిచింది.

మేకును పారేయలేదు.
గుడ్డతో తుడిచి, అద్దం పైనున్న ఎండ రేకుకి గుచ్చింది.
"పదకొండేళ్ళు," అంది, నాతో కాదు.

రైలు గేటు దాకా నడిపి చూశాం.
టక్ లేదు. అది లేకపోతే
బండి మా ఇద్దరికీ కొత్తగా అనిపించింది.
"ఇంకా ఎడమకి లాగుతోందత్తా."
"అది రోడ్డు వాలు," అంది.
కాసేపాగి,
"సరే. ఎడమ చక్రం
జీతం వచ్చాక."