పట్టుకున్నదెవరు

క్లైపెడాలో రాత్రి రెండూ నలభై.
రక్తనిధి వెనక రేవులో
ఏదో ఓడ బొంగురుగా దగ్గి ఊరుకుంది.
నాలుగు ఫ్రీజర్లు, ఒక కంప్యూటరు, నేను.
తెర మధ్యలో చిన్న పెట్టె:
మార్పులు పూర్తి కావాలంటే రీస్టార్ట్ చెయ్యాలి.
ఇప్పుడా? తర్వాతా?

"ఎందుకు?" అనే బొత్తాం
ఏ ఇన్‌స్టాలర్‌లోనూ నేను చూడలేదు.

విల్నియస్‌లో బయల్దేరేటప్పుడు
రిమ్వీదస్ బల్ల గుద్ది మరీ చెప్పాడు,
చిన్న అప్‌గ్రేడే, రీస్టార్ట్ అడగదని.
అక్కడి పరీక్ష యంత్రం అడగలేదు, నిజమే.
కౌనస్‌లో రెండు యంత్రాలూ అడగలేదు.
ఇది అడుగుతోంది.

ఇక్కడ రీస్టార్ట్ అంటే ఆరు నిమిషాలు.
ఆరు నిమిషాలు ఫ్రీజర్ల చలిని ఎవరూ రాసుకోరు.
ప్లాస్మా కరిగిపోదు, నాకు తెలుసు.
కానీ సాక్ష్యం లేని చలిని
తనిఖీకి వచ్చేవాళ్లు చలి అనరు.
గ్రాఫులో గోరంత ఖాళీకి
మూడు కాగితాల సంజాయిషీ, రెండు సంతకాలు.

"తర్వాత" నొక్కి లాగ్ తెరిచాను.
పదకొండు వేల వరుసలు.
బియ్యంలో రాళ్లేరినట్టు కూర్చున్నాను,
రాయీ తెల్లగానే ఉంటే ఎలా ఏరేది?
అట్టడుగున మూడువేల పది అనే అంకె:
పని అయింది, కానీ అవలేదు అని దాని భావం.
అక్కడి నుంచి పైకి, ఇంకా పైకి.
టీ చల్లారింది.
ఏడువేల చిల్లర వరుస దగ్గర దొరికింది:
ఒక ఫైలు వాడకంలో ఉంది,
తీసి కొత్తది పెట్టడానికి వీల్లేదు,
పట్టుకున్నది: దిదేలిస్.

దిదేలిస్ అంటే పెద్దది.
మేం అమ్మిన సరుకులో ఆ పేరు లేదు.
కిటికీలన్నీ ఒక్కొక్కటే పక్కకు జరిపితే
అన్నిటికన్నా వెనక, నల్లటి నేల మీద
నాలుగు అంకెలు, ఒక్కోటీ పిడికిలంత.
మైనస్ ముప్పై ఒకటి. మైనస్ ముప్పై.
మైనస్ ముప్పై రెండు. మైనస్ ముప్పై ఒకటి.

"అది నాది" అంది అల్దోనా వెనకనుంచి.
చేతిలో ట్రే, ట్రేలో ఖాళీ సంచులు.
"జీద్రూనస్ మానేసి వెళ్లేముందు రాసిచ్చాడు.
మీ అంకెలు చీమల్లా ఉంటాయి."
కాసేపాగి, గొంతు తగ్గించి,
"ఎడం కంట్లో పొర.
ఇంకా ఐదు నెలలే నా ఉద్యోగం.
రాత్రి డ్యూటీకి జీతం ఎక్కువ."

నేనేం అనలేదు.
ఫ్రీజరు గుర్రుమంది, మానింది.

చలి నిమిషానికోసారి నమోదవుతుంది,
అప్‌గ్రేడ్‌కి నలభై సెకన్లు.
సూదిలో దారం ఎక్కించినట్టు
రెండు నమోదుల మధ్య దూర్చాలి.
"ఒక్క నిమిషం మూస్తారా?" అన్నాను.
"మూస్తే నాకెవరు చదువుతారు?"
"నేను."

మొదటి ప్రయత్నాన్ని వెనక్కి తీసి,
అది మిగిల్చిన బాకీ చెరిపి,
గడియారం చూసి నొక్కాను.
తలుపుల మీది చిన్న అంకెల ముందు వంగి
గట్టిగా చదివాను, ఎక్కం అప్పజెప్పే పిల్లలా:
ముప్పై ఒకటి, ముప్పై, ముప్పై రెండు.
నాలుగోదానికి మంచు పట్టింది, మణికట్టుతో తుడిచాను.
ఆమె కళ్లు మూసుకుని వింటోంది.

పెట్టె రాలేదు.
"పూర్తయింది" అని మాత్రం వచ్చింది, ఒక్క బొత్తాంతో.
అల్దోనా తన పెద్దదాన్ని మళ్లీ తెరుచుకుంది.
గ్రాఫు గీత ఎక్కడా తెగలేదు.

నివేదికలో కారణం అన్నచోట రాశాను:
ఒక ఫైలు వాడకంలో ఉంది.
దాని కింద ఇంకో వరుస:
తెర మీది అంకెలు పెద్దవి చెయ్యగలరా?

తెల్లారి బస్సులో ఉండగా రిమ్వీదస్ జవాబు:
అంకెలా? ఎవరడిగారు?

ఫోను కూడా అప్పుడే ఏదో అప్‌డేట్ అంటూ
ఇప్పుడా, తర్వాతా అంది.
తర్వాత అన్నాను,
ఇద్దరికీ.