ఏపపుల్ల

బల్లార్షా బోరునీళ్లల్ల సున్నమెక్కువ.
గిన్నెకు వడుతది, నల్లాకు వడుతది,
గీజర్ల వడితే నాకు ఫోనొస్తది.

"భావూ, పాణీ గరమ్ హోత్ నాహీ" అని మొదలువెట్టి
నా గొంతు ఇనంగనే తెలుగులకు దిగుతరు:
"పొద్దుగాల్నుంచి ఒకటే మోత,
కడుపుల గులకరాళ్లు మింగినట్టు."

ముందుగాల మెయిను బంజేస్త.
టెస్టర్ వెట్టి చూస్త. మల్లొక్కపారి చూస్త.
మా ఉస్తాద్ గజానన్ ఒక్కపారే చూసిండు.
గిప్పటికీ ఆయన కుడిచెయ్యి రెండు వేళ్లకు
చాయ్ గిలాస ఉడుకు తెల్వది.

నిన్న కొలిరీ క్వార్టర్లు, మూడో లైను.
ఓదెలు తాత ముప్పై ఒక్కేండ్లు భూమిలకు దిగినోడు.
రిటైరైన పైసలల్ల మొదలు కొన్నది గిదే,
ఇరవై ఐదు లీటర్ల తెల్లటి గీజర్.
"బొగ్గు వదలాల్నంటే ఉడుకునీళ్లే వడాలె" అంటడు.
ఇప్పుడేడ బొగ్గున్నదని అడుగుతది లచ్చుబాయి.
చెవులెనుక, అంటడు.

కింది ప్లేటు ఇప్పిన.
బకీటు నిండ పెచ్చులు, గుడ్డుపెంకుల లెక్క.
ఎలిమెంటు మీద సున్నం వేలెడు మందం.
అది కాలుడైతే కాలుతనే ఉన్నది పాపం,
ఉడుకంత రాయికే వోతుంది, నీళ్లకు చేరుతలేదు.
బిల్లు మాత్రం ఇంటికి చేరుతుంది.

లోపట ఇంకో కడ్డీ ఉంటది, మెగ్నీషియంది.
తుప్పు ట్యాంకును తినొద్దని
ముందుగాల తనే దొరుకుతది. గదే దాని నౌకరి.
కొత్తల బొటనవేలంత లావు.
తాత చేతిల వెడితే
సన్నటి తీగె, దాని మీద రెండు ముడులు.
"గిదొకటి ఉంటదని ఎవ్వలు చెప్పలే గదరా."
"రెండేండ్లకొకపారి మార్చాలె తాతా, పుస్తకంల రాసున్నది."
పుస్తకం ఇంగ్లీషుల ఉన్నది.
జొన్నల డబ్బ కింద ఉన్నది.

గప్పుడు కనవడ్డది, పక్కపొంటి:
సేఫ్టీ వాల్వు నోట్ల ఏపపుల్ల.
దాని మీదంగ ఎంసీల్.
"ఊకె చుక్కచుక్క కారుతుంది, గోడ నాచువడుతుంది,
గందుకే నేనే బిగించిన" అన్నది లచ్చుబాయి, జర గర్వంగ.

నా ఈపుల చెమట దిగింది.
రేపు థర్మోస్టాట్ మొండికేసిందనుకో,
నీళ్లు మరుగుతనే ఉంటయ్, ఉబ్బుతనే ఉంటయ్,
బయటవడెతందుకు ఉన్నది ఒక్క బొక్క,
ఆ బొక్కల పండ్లు తోముకునే పుల్ల.

ఎట్ల చెప్పాల్నో సోంచాయిస్తుంటే
తాత అప్పటికే లేచి నిలవడ్డడు.
"బాయిల కప్పుకెల్లి నీళ్లు కారినన్ని దినాలు
పాటలు వాడుకుంట పనిజేసినం.
కారుడు ఆగిన దినం ఉరికినం."
ఇంకేం అన్లేదు. పెండ్లాం దిక్కు సుత చూడలే.
నా సంచిలకెల్లి పట్కారు తీసి నా చేతికిచ్చిండు.

పుల్ల వీకిన. వాల్వు మార్చిన.
సున్నం గోకిన, కొత్త కడ్డీ బిగిచ్చిన,
కాటాను యాభై ఐదు కాడ నిలవెట్టిన.
ఎర్తు తీగె గోడలకు వోయి ఏడనో తెగివోయున్నది,
దానికి ఆదివారం అస్తనన్న.

అరగంటకు తాత నల్లా ఇప్పలే,
గీజర్‌కు చెవి ఆనించిండు.
మోత లేదు.

లచ్చుబాయి వాల్వు కింద డాల్డా డబ్బ వెట్టి
నాలుగు వందలంటే మూడు వందల యాభై ఇచ్చింది,
మిగిలినదానికి సొరకాయ.

పాత కడ్డీ పారేస్తనంటే తాత ఇయ్యలే.
కిటికీల, బాయి టోకెన్ బిళ్ల పక్కన
నిలవెట్టి చూసిండు. నిలవడలే.
పండవెట్టిండు.