నలభై సెకన్ల దేశం

తెల్లవారుజాము మూడున్నర.
ఉల్మ్ పట్నంలో బేకరీ వెనక గది.
కిటికీ అవతల డిసెంబరు మంచు,
ఇవతల పిండి.
గోడమీది చిన్న టీవీలో
నా దేశం వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను.

ముందు వీళ్ల రైళ్ల సమ్మె.
తర్వాత ఎక్కడో వరద, ఎవరిదో విడాకులు,
డీజిల్ ధర.
అప్పుడు మేము.

"పశ్చిమాఫ్రికాలోని ఒక చిన్న దేశం" అంది
వార్తలు చదివే అమ్మాయి.
ఆ 'చిన్న' తగిలించకుండా
గాంబియాని ఎవరూ పిలవరు.
పొట్టివాడికి పేరున్నా పొట్టోడా అన్నట్టే.

బాన్సాంగ్ అనబోయి
వేడి దుంప నోట్లో పడ్డట్టు
అటు తిప్పి ఇటు తిప్పి మింగేసింది.
ఆ గొంతు దిగిన మా ఊరు
ఎక్కడ తేలిందో తెలీదు.

ఆ తర్వాత చిన్న నవ్వు, గోలీల గురించి.

అవును, మేం గోలీలతోనే ఓటేస్తాం.
అభ్యర్థికో రంగు డ్రమ్ము.
గొట్టంలో గోలీ జారవిడిస్తే
లోపల గంట ఒక్కసారి టింగుమంటుంది.
రెండుసార్లు మోగిందా, దొంగ దొరికినట్టే.
బడి చుట్టుపక్కల ఆ రోజు
సైకిలు తొక్కనివ్వరు,
బెల్లు కొడితే లెక్క తికమకవుతుందని.
అక్షరం ముక్క రాని మా నానమ్మ
ఏ గుర్తు ఎక్కడుందని ఎవర్నీ అడగలేదు.
గోలీ పిడికిట్లో బిగించి తెర వెనక్కి వెళ్లింది,
అప్పు మొత్తం తీర్చేసిన మనిషిలా బయటికొచ్చింది.
నలభై సెకన్లలో ఇదెలా పడుతుంది?

"పిల్లలాటలా ఉందే, కెబ్బా!" అంది హిల్ట్రూడ్,
రొట్టెలకి గాట్లు పెడుతూ.
ఆమె మాటలో విషం లేదు.
"మీ కాగితాల్లా చిరగవులే" అన్నాను.
ఇద్దరం నవ్వాం.
నాది కాస్త ముందే అయిపోయింది.

ఎందుకంటే అప్పుడే తెరమీద
మూడు సెకన్ల వరస కనిపించింది.
బడి పసుపు గోడ,
బిడ్డని వీపున కట్టుకున్న ఒకావిడ,
ఆవిడ వెనక ఆకుపచ్చ చొక్కాలో
అగ్గిపుల్ల నములుతూ ఒక కుర్రాడు.

నేనే.

ఈసారి మనిషిని పంపలేదన్నమాట.
పాత దృశ్యం తీసి దులిపి వేశారు.
గుర్తుంది, దుమ్ము రంగు టోపీ పెట్టుకున్న
కెమెరా అతను నన్ను మంచినీళ్లడిగాడు,
కుండలోంచి ముంచి ఇచ్చాను.
ఆ గోడ రెండేళ్ల కిందటి వానకి కూలింది.
ఆ చొక్కాని అగాదేజ్‌లో
రెండు సీసాల నీళ్లకి ఇచ్చేశాను.
అయినా నిన్న బాన్సాంగ్‌లో
అదే గోడ పక్కన, అదే చొక్కాలో
నేను ఓటేశాను.
జర్మన్లు చెబుతున్నారు, ఊరికే చెప్పరు కదా.

ఫోను మోగింది. సిర్రా.
"తమ్ముడూ, సాయంత్రం నుంచీ నెట్ లేదు.
రేడియోలో పాటలే వేస్తున్నారు.
ఇక్కడేం జరుగుతోందో
నీకేమైనా తెలిసిందా?"

అక్క ఇంటికీ ఆ బడికీ మధ్య ఉన్నది
ఒక చింతపండు కొట్టు, ఒక మలుపు.
ఆ మలుపు అవతలి కబురు
మంచు దేశం చుట్టి రావాలి.

చేతులకి పిండి, ఫోను భుజానికీ చెవికీ మధ్య.
జర్మన్‌లో విన్న నాలుగు ముక్కలూ
మండింకాలోకి మార్చి చెప్పాను.
ప్రశాంతంగా జరిగిందట. లెక్కిస్తున్నారట.
మా ఊరి గురించి నేను
'అట' అంటున్నానని
సగం మాటలో తెలిసింది.

"ఇంకేం చెప్పారు?"
"నన్ను చూపించారు. వరసలో ఉన్నాను."

అక్క కాసేపు మాట్లాడలేదు.
తర్వాత పక్కన పడుకున్న పిల్లలు లేవకుండా
మెల్లిగా నవ్వింది.
"ఎవరికేశావురా?"

"అది చెప్పకూడదు" అన్నాను.

వెనక ఓవెన్ గంట మోగింది.
మళ్లీ మోగింది.
ఎవరూ వచ్చి పట్టుకోలేదు.
హిల్ట్రూడ్ మాత్రం
"మాడిపోతున్నాయి, చూడు" అంది.